పండుగకు ముందే ఖాళీ అయిన సాస్ సీసా

సోమవారం మన మిల్లు కాటా దగ్గర లారీ డ్రైవర్లతోని నేను చేతి సైగలతోని మాట్లాడితే మీరంతా ఏమనుకున్నరు? మౌనవ్రతం అనుకున్నరు! మన సుజాతక్కయితే "పద్మకు ఈ మధ్య భక్తి ఎక్కువైంది" అని మిల్లంతా చెప్పొచ్చిందట. వ్రతం లేదు, గితం లేదు. నాలుక పని చేయలే. పెదవులు ఉబ్బి, మాట్లాడితే గాలి తప్ప ఇంకేం రాలే. ఇయ్యాల జర నయమైంది కాబట్టి చెప్త. టీ మాత్రం పక్కన పెట్టున్రి, చల్లారాలె. వేడిది ఇంకా తాగలేకపోతున్న.

నవ్వకున్రి ముందే. మొదటి నుంచి చెప్త.

మా నాయన తల్లాడ దగ్గర మిర్చి రైతు, మీకు తెలిసిందే. ఆయన లెక్కల మిర్చి అంటే తేజ రకమే. పొడుగ్గ ఉండాలె, ఎర్రగ ఉండాలె, ఎండినంక చేతిల పట్టి ఊపితే గలగల అనాలె. ఆ గలగల వినపడకపోతే దాన్ని మిరపకాయ అని ఒప్పుకోడు. గట్లాంటి మనిషి దగ్గరికి నిరుడు నేను ఫోన్ల వీడియోలు చూసి చూసి తెప్పించిన విత్తనాల పొట్లం పట్టుకొని పోయిన. హబనేరో అంట. కాయ గుండ్రంగ, పసుప్పచ్చగ, ముడతలు పడి చిన్న గుమ్మడికాయ లెక్క ఉంటది. కోస్తే కారం వాసన కాదు, పండు జామ వాసన వస్తది. మొదటి కాయ కాసినప్పుడు మా నాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది మిరపకాయనా, దిష్టికాయనా?" అన్నడు.

అయినా చేనుల ఒక మడి ఇచ్చిండు. బిడ్డ అడిగితే కాదనలేడు ఆయన. నీళ్ళు పెట్టుకుంట తిట్టిండు, తిట్టుకుంట నీళ్ళు పెట్టిండు. చెట్లేమో కొమ్మలు వంగేటట్టు కాసినయ్! కాస్తే ఏం లాభం? ఎండబెడితే ఎండవు, కుళ్ళుతయ్. యార్డుకు తీస్కపోతే ఖరీదుదార్లు విరిచి చూసి నవ్వుతరు. చేనుకు పోయినప్పుడల్లా పక్క రైతులు "ఏందే, గుమ్మడికాయలు చిక్కిపోయినయ్?" అని అడుగుడు. నాయనకు తల కొట్టేసినట్టయింది. ఆఖరికి ఒకనాడు నన్ను కూసోబెట్టి అన్నడు.

"చూడు పద్మా. మన ఇంటోళ్ళు కాకుండా బయటి మనిషి, ఒక్కడంటే ఒక్కడు, నీ కాయ తిని మళ్ళ కావాలన్నడనుకో, చెట్లు ఉంచుత. వచ్చే ఏడు ఇంకింత జాగ కూడా ఇస్త. లేదంటే దున్నిపడేస్త."

"బాగుంది అంటే చాలదా నాయనా?"

"మర్యాదకు అందరూ అంటరు బాగుంది అని. మళ్ళ కావాలె అనాలె."

అగో, నాకు పట్టుదల వచ్చింది. పట్టుదల వచ్చిందంటే నాకింక చెవులు వినపడవు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండ్రి, ముందు ముందు పనికొస్తది.

పచ్చి కాయ ఎవరు తింటరు, సాస్ చేద్దామనుకున్న. మామిడిపండ్లు అప్పుడప్పుడే బజారుకు వస్తున్నయ్. మంచి రసం పండ్లు తెచ్చిన. గుజ్జు తీసి, కాయలు రుబ్బి, వెల్లుల్లి, బెల్లం, ఉప్పు, జర వెనిగర్ పోసి పొయ్యి మీద పెట్టిన. అది ఉడుకు పట్టంగనే ఘాటు లేచింది చూడండ్రీ! మా ఆయన శ్రీను తువాల మూతికి కట్టుకొని బయటికి ఉరికిండు. మెట్ల మీద ఎదురింటామె దగ్గుకుంట అడిగింది, "ఏం తగలబడుతుందన్నా?" అని. "మా మామ మడి" అన్నడట ఈయన.

చల్లారినంక రుచి చూసిన. తేజ కారం ముక్కుసూటి మనిషి. నాలుక మీద పెట్టంగనే తిడుతది, నీళ్ళు తాగితే పోతది. ఇది అట్ల కాదు. ముందు మామిడి తీపి, ఎనకనే బెల్లం, ఆ తర్వాత జామ వాసన. "ఓస్, ఇంతేనా" అని మనం అనుకునేదాక ఓపిగ్గ ఆగుతది. అప్పుడు గొంతు లోపల నుంచి లేస్తది. లేచినంక ఇంక పోదు. బ్యాగు సర్దుకొని వచ్చిన చుట్టమే. కానీ నిజం చెప్తున్న, ఆ మంటల కూడా మామిడి వాసన పోదు. నాకు మస్తు నచ్చింది. మా నాయన చేతి నీళ్ళు తాగిన కాయ ఇంత మంచిగ ఉంటే ఎట్ల దున్నిపడేస్తడు అనిపించి కళ్ళల్ల నీళ్ళొచ్చినయ్. కొన్ని కారంతోని కూడా కావచ్చు.

ఇంక దీనికి జోడీ వెతుకుడు మొదలు. దేనితోని తింటే మళ్ళ కావాలంటరు? ఇడ్లీ మీద వేసిన. ఇడ్లీ నోట్ల నాలుక లేనిది, సాస్ ఒక్కటే మాట్లాడింది. పెరుగన్నంల కలిపిన. పెరుగు గెలిచింది, సాస్ జాడ లేదు. గోదావరి చేప వేయించి పెట్టిన. నూనెకు సాస్ నిలవలే, జారి పళ్ళెంల పడ్డది. పూట పూటకూ ఒకటి. మా ఆయన పళ్ళెం ముందర కూసోని, "నన్ను మొగుడనుకున్నవా, మిరపకాయ రుచి చూసే చిలుకననుకున్నవా?" అన్నడు. అప్పుడే ఒకనాడు జొన్నరొట్టె జర మాడింది. మాడిన అంచుకు సాస్ అంటించి నోట్ల పెట్టుకున్న. ఆహా! పొగ వాసన, మామిడి తీపి, ఆ మీద కారం. దొరికింది! పొగ ఉండాలె, నూనె ఉండొద్దు.

పొగ ఉండి నూనె లేనిది మన దగ్గర ఏంది చెప్పున్రి? బొంగుల చికెన్!

భీమన్న గుర్తున్నడా మీకు? ఇదివరకు వెదురు లారీ మీద మన కాటాకు వస్తుండె, కోయపిల్లగాడు, ఎప్పుడూ నవ్వుకుంట ఉంటడు. ఇప్పుడు చర్ల రోడ్డు మీద వాళ్ళ గూడెం ముంగట బొంగుల చికెన్ పెట్టుకున్నడు. ఆదివారమొస్తే కార్లు ఆగుతయ్. ఆయన తిని, మళ్ళ కావాలె అని, రెండు సీసాలు కొట్ల పెట్టుకున్నడంటే నాయన నోరు మూతపడ్డట్టే. ఫోన్ చేసిన. "రా అక్కా, గిరాకీలు రాకముందే పొద్దుగాలనే రా. బావను కూడా తీస్కరా" అన్నడు.

ఆదివారం పొద్దున్నే, చేసిన సాస్ల మిగిలిందంతా ఒక సీసాల నింపి, బండి మీద ఒళ్ళె పెట్టుకొని కూసున్న. ఎంత మర్యాద చేసిన్రు వాళ్ళు! భీమన్న పెండ్లాం ముత్తమ్మ మంచం వాల్చింది. భీమన్న తల్లి, అందరూ అవ్వ అంటరు, గోడకు ఆనుకొని కూసోని మమ్ముల్ని చూసి నవ్వింది. కొట్టు పక్కన పెద్ద మామిడిచెట్టు. కాయలు చేతికందేటట్టు వేలాడుతున్నయ్, కొన్ని రంగు కూడా తిరిగినయ్. ఒక్కటి తెంపినట్టు లేదు. పిల్లలు కిందనే ఆడుతున్నరు గానీ రాయి కూడా ఎయ్యలే. "చూడు, ఎంత బుద్ధిమంతులో!" అని మా ఆయనకు చూపించిన. ఈయన బుద్ధిమంతుడు కాదు కదా, కాయ మీదికి చెయ్యి లేపిండు. ముత్తమ్మ ఉరికొచ్చి, "బావా, ముంజలు తిందురు గానీ రాండ్రి" అని ఆకుల నిండ తాటిముంజలు పెట్టింది. మంచి మనిషి అనుకున్నం.

భీమన్న నిప్పుల మీద నుంచి బొంగు తీసి, చీల్చి, అడ్డాకుల్ల చికెన్ పోసిండు. పొగలు! ఆ వాసనకే కడుపు నిండింది. నేను సీసా మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టిన.

"అబ్బ! మంచిగ ఉంది అక్కా వాసన. మామిడా?"

"అవ్ భీమన్నా! ఈ ఏటి కొత్త పండు!" అన్న, గర్వంగ.

భీమన్న ముత్తమ్మను చూసిండు. ముత్తమ్మ అవ్వను చూసింది. అవ్వ చెట్టు దిక్కు చూసింది.

"మరి వేసుకో" అన్న.

"పండుగ అయినంక తింటంలే అక్కా" అన్నడు మెత్తగ.

పండుగ అయినంక! ఈ మాట మన దగ్గర ఎవరు ఎందుకంటరో నాకు తెల్వదా? మా బాత్రూంల టైల్స్ వేస్తనన్న మేస్త్రి పండుగ అయినంక అన్నడు. ఏ పండుగో చెప్పలే, ఇప్పటిదాక బండలు గోడకు ఆనిచ్చే ఉన్నయ్. జాకెట్ కుట్టే ఆమె పండుగ అయినంక అన్నది. ఆ చీరె పాతదైంది. అంటే ఏంది? కారమంటే భయపడుతున్నరు, నా మొకం మీద చెప్పలేక పండుగ మీద పెడుతున్నరు. నాకు అట్లనే తోచింది.

"కారం ఏం ఉండదు భీమన్నా. ఇగో, నేను తిని చూపిస్త" అన్న.

ముక్క మీద చెంచెడు పోసుకొని తిన్న. నిజంగ చెప్తున్న, అట్లాంటి జోడీ నేను పుట్టి ఎరగ. బొంగు వాసన, పొగ, మామిడి... కళ్ళు మూసుకున్న. కళ్ళు తెరిచేసరికి గొంతుల చుట్టం లేచి కూసున్నడు. అయినా నవ్విన.

"చూసిన్రా? తియ్యగ ఉంది!"

"తిను అక్కా, తిను. నువ్వు తిను" అన్నది ముత్తమ్మ.

వాళ్ళేమో ఉత్త చికెన్ తింటున్నరు. అంటే ఇంకా నమ్మలేదన్నట్టే కదా! ఇంకో ముక్క, ఈసారి రెండు చెంచాలు. చెవులల్ల నుంచి వేడి వస్తుంది. "అవ్వా, నువ్వన్నా జర" అని అవ్వ దిక్కు ఆకు జరిపిన. అవ్వ రెండు చేతులు అడ్డం పెట్టి తల ఊపింది. పెద్దమనిషి భయపడ్డదని ఇంకో ముక్క. గింత అన్నంల కలుపుకొని ఇంకో ముద్ద. ముత్తమ్మ ఇచ్చిన జావల పోసుకొని తాగితే చల్లగ ఉంటదనుకున్న, జావ కూడా మండింది.

మా ఆయన మోచేత్తోని పొడిచిండు. "ఏందే, నీ మొకం చూసుకున్నవా? చాలు ఆపు."

"నువ్వు ఊకో. మా నాయన చెట్లు దున్నుతడు."

ఆ మాట అనంగనే ఎక్కిళ్ళు పట్టుకున్నయ్. కళ్ళల్ల నుంచి, ముక్కుల నుంచి కారుడే కారుడు. అప్పుడే ఒక కారు ఆగింది. భద్రాచలం దర్శనం చేసుకొని వస్తున్నట్టున్నరు, బొట్లు పెట్టుకొని ఉన్నరు. ఒకామె దిగి, నన్ను చూసి, గొంతు తగ్గించి భీమన్నను అడిగింది.

"అయ్యో... ఎవరైనా పోయారా అండీ?"

"లే మేడం. అక్క సాస్ తింటుంది" అన్నడు భీమన్న.

ఆమె నన్ను ఇంకోసారి చూసి, "మాకు చికెన్ చాలండీ, ఆవిడ తినేది మాత్రం వద్దు" అన్నది.

అగో, అది విన్నంక నేను మనిషిని కాలే. ఖమ్మం జిల్లాల పుట్టి, మిర్చి చేనుల పెరిగి, నా సాస్ చూసి ఒకామె చెయ్యి అడ్డం పెడుతదా? చికెన్ లేదు, ఏం లేదు, చెంచా కూడా లేదు. సీసాల అడుగున ఉన్నది ఎత్తి గుటుక్కున తాగేసిన! ఖాళీ సీసా భీమన్నకు చూపించి, "కారం... ఎక్..." అన్న. "లేదు" అనుడు నా తోని కాలే. నాలుక అప్పుడే డ్యూటీ దిగిపోయింది.

అవ్వ కోయ భాషల ఏదో మెల్లగ అడిగింది. ముత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. భీమన్న నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగిండు.

"ఏమంటుంది అవ్వ?" అన్నడు మా ఆయన.

"ఏం లేదు బావా. 'పాపం ఈ బిడ్డకు మామిడంటే అంత పిచ్చా? ఏడ్చుకుంటనే తింటుంది. వచ్చే ఆదివారం పండుగదాక ఆగలేకపోయిందా?' అని అడుగుతుంది."

అప్పుడు తెలిసింది నాకు. కొత్త మామిడి వచ్చినంక ఊరి పెద్దలు రోజు పెడుతరట. ఆ రోజు ముందు దేవతకు పెట్టి, మొక్కి, అందరూ కలిసి తింటరట. అప్పటిదాక కాయ ముట్టరు. చెట్టు ముంగట ఉన్నా ముట్టరు. పిల్లలు కూడా ముట్టరు. మేస్త్రి పండుగ కాదు అది, నిజం పండుగ! నేనేమో "ఈ ఏటి కొత్త పండు" అని గర్వంగ మూత తీసి, ఒక్కొక్కరి ముక్కు కింద పెట్టి, తినున్రి తినున్రి అని బతిమిలాడిన!

"మరి కారమంటే భయం అనుకున్నం మేము..." అన్నడు మా ఆయన.

"కారమా?" భీమన్న నిజంగనే ఆశ్చర్యపోయిండు. "కారం మాట ఎవరన్నరు బావా? వాసనకే నోరూరింది మాకు. అక్క ఒక్కతే తింటుంటే చూసుకుంట కూసున్నం."

అవ్వ నా దగ్గరికి జరిగి తెలుగుల అన్నది, "సీసాల పోస్తే మామిడి కాకుండ పోతదా బిడ్డా?"

సిగ్గుతోని సచ్చిపోయిన. కాళ్ళ మీద పడదామంటే వంగితే ముక్కు కారుతుంది. చేతులు జోడించిన. అవ్వ నా చేతులు పట్టుకొని దించి, తాటిముంజ ఒలిచి నా నోట్ల పెట్టింది. నాలుక మీద ఆ సల్లదనం... ఏం చెప్పాలె! మా ఆయన వాటా ముంజలు కూడా నాకే పెట్టిన్రు. ఆ ఒక్క విషయంల మాత్రం ఆయనకు ఇప్పటికీ కోపం ఉంది.

పోయేటప్పుడు భీమన్న అన్నడు, "అక్కా, పండుగకు నువ్వు రావాలె. ఆ సీసా తేవాలె. దేవతకు పెట్టినంక ఊరంతా తింటం." ఏ సీసా తేవాలె? సీసా నా కడుపుల ఉంది!

ఇంక కథ ఇక్కడితోని అయిపోతే బాగుండు. తిరిగొస్తుంటే గోదావరి బ్రిడ్జి మీద నాయన ఫోన్. నాకు నోరు రాదు కదా, బండి పక్కకు ఆపి ఈయన ఎత్తిండు, స్పీకర్ పెట్టిండు.

"అల్లుడా, ఏమైంది? ఎవరన్నా ముట్టిన్రా?"

ఈయనకు అబద్ధమాడుడు రాదు. నిజం మొత్తం చెప్పుడూ రాదు.

"సీసా ఖాళీ మామా."

"ఆ? ఎవరు తిన్నరు?"

"మొత్తం ఒక్కరే తిన్నరు. ఏడ్చుకుంటనే తిన్నరు. ఆపమన్నా ఆపలే. ఆఖరికి సీసా ఎత్తి తాగిన్రు."

మా నాయన గొంతు వచ్చింది. అట్లాంటి గొంతు నేను ఎన్నడూ వినలే.

"ఏడ్చుకుంట తిన్నడా! నా కాయనే?"

"నీ కాయనే మామా."

"అయితే ఉంచుత పో. చెట్లు ఉంచుత" అన్నడు. నాకు మళ్ళ కళ్ళల్ల నీళ్ళొచ్చినయ్. ఆ నీళ్ళ మధ్యల నేను వద్దు వద్దు, నిజం చెప్పు అని చేతులు ఊపుతుంటే ఈయన ఫోన్ పెట్టేసిండు!

నిన్న బస్సుల సంచి నిండ కాయలు పంపిండు నాయన. చేతులార ఏరిండట, మచ్చ ఉన్నది ఒక్కటి లేదు. అదే రోజు ఫోన్ చేస్తే ఈయన ఆదివారం పండుగ ముచ్చట చెప్పిండు, అది విని నాయన "ఆ మనిషికి మంచిగ చేసి పెట్టు. ఆదివారం నేను కూడా పండుగకు వస్త. తేజ కాకుండ నా చేతి కాయను అంత ప్రేమగ తిన్న మనిషిని కళ్ళార చూడాలె" అన్నడు. ఏం చెప్పాలె చెప్పున్రి? నాయనా, ఆ మనిషికి నువ్వే పేరు పెట్టినవ్, నువ్వే పెండ్లి చేసినవ్ అని చెప్పాలెనా? పండుగ నాడు భీమన్నోళ్ళు తింటరు, అది వేరే. కానీ అప్పటిదాక ఆగితే, నాయన వచ్చి "ఏడీ ఆ మనిషి?" అంటే ఎవరిని చూపించాలె?

అందుకే చెప్తున్న, ఆదివారం లోపల బయటి మనిషి ఒక్కరు కావాలె నాకు. తిని, మళ్ళ కావాలె అనాలె. రాత్రి కొత్త సాస్ చేసిన, ఇగో టిఫిన్ బాక్సుల తెచ్చిన. మాడిన రొట్టె కూడా తెచ్చిన, జోడీ తప్పొద్దని. చూడున్రి రంగు! వాసన చూడున్రి! సుజాతక్కా, నువ్వు ఇటు రా. నువ్వయితే మా నాయన కూడా నమ్ముతడు, మనిషి నిండుగ ఉంటవ్. ఒక్క ముక్క. ఏంది అట్ల ఎనక్కు జరుగుతున్నవ్? ఏమన్నవ్?

పండుగ అయినంకనా?

నీకేం పండుగ అక్కా, నీ ఇంట్ల మొన్ననే ఆవకాయ కలిపినవ్! కారమని భయపడుతున్నవ్ కదా? అస్సలు ఉండదు. ఉత్త మామిడి తీపి. ఇటియ్యి ఆ చెంచా.

ఇగో, నేను తిని చూపిస్త.